హై-పెర్ఫార్మెన్స్ లాంగ్‌బోర్డు: కొన్నేళ్లు వాడాక నా మాట

శాన్ డియేగోలో సర్ఫింగ్ మొదలుపెట్టిన మన తెలుగువాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా ఒకటే అడుగుతున్నారు. సాఫ్ట్‌టాప్ (పైన మెత్తగా ఉండే, నేర్చుకునేవాళ్ల బోర్డు) మీద నిలబడటం వచ్చింది, అల వెంట పక్కకు జారడమూ వచ్చింది, ఇక సొంత లాంగ్‌బోర్డు, అంటే పొడవాటి సర్ఫ్‌బోర్డు, కొనాలి. లాగ్ అనే బరువైన పాతకాలపు రకం తీసుకోవాలా, చురుగ్గా మలుపు తిరిగే హై-పెర్ఫార్మెన్స్‌ది తీసుకోవాలా అని. నేను రెండో రకమే కొన్నేళ్లుగా వాడుతున్నాను. అయినా వెంటనే అదే కొనమని చెప్పను. మీరు ఎక్కువగా వెళ్లే చోట అల ఎలా విరుగుతుందో ముందు అడుగుతాను.

నా బోర్డు 9 అడుగుల పొడవు, 22½ అంగుళాల వెడల్పు, 2¾ అంగుళాల మందం. వాల్యూమ్ 65 లీటర్ల దగ్గర. నా బరువు 74 కిలోలు. పాలీయురేథేన్ ఫోమ్, మధ్యలో పొడవునా చెక్క పట్టీ, అంటే స్ట్రింగర్. లాగ్ పక్కన పెడితే తేడా చూడగానే తెలుస్తుంది. దీని నోస్ (ముందు కొస) సన్నగా ఉంటుంది, రెయిల్స్ (పక్క అంచులు) పలచగా ఉంటాయి, నేల మీద పెడితే రెండు కొసలూ ఎక్కువ పైకి లేచి కనిపిస్తాయి. ఆ వంపే రాకర్. కొనేవాళ్లు లీటర్ల లెక్క చూసినంతగా దీన్ని చూడరు. నిజానికి బోర్డు నడక చాలావరకు రాకర్, రెయిల్స్ దగ్గరే తేలిపోతుంది.

ఈ బోర్డుకు తగిన చోటు ఎన్సినిటాస్‌లోని స్వామీస్. పైన కొండ అంచున పరమహంస యోగానంద ఆశ్రమం ఉంది, ఆ పేరు అలా వచ్చిందే. చలికాలంలో పడమటి స్వెల్ (దూర సముద్రం నుంచి వచ్చే అలల వరుస) వచ్చినప్పుడు అక్కడ అల నిటారుగా లేస్తుంది. అలాంటి అల మీద లాగ్‌తో టేకాఫ్ చేస్తే, అంటే అల అందుకుని లేచి నిలబడబోతే, నోస్ నీళ్లలో గుచ్చుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. దీనికి రాకర్ ఉంది కాబట్టి కాస్త ఆలస్యంగా లేచినా అల ఒంపులో ఇమిడిపోతుంది. కిందికి దిగి, వెనక కాలు టెయిల్ (వెనక కొస) మీదికి జరిపి నొక్కితే 9 అడుగుల బోర్డు తిరగాల్సినట్టే తిరుగుతుంది. టెయిల్ దగ్గర రెయిల్ అంచు పదునుగా ఉండటం వల్ల నీరు అంటుకోకుండా తెగిపోతుంది, అందుకే ఆ చురుకు. ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే 2011, 2012, 2017లో ప్రపంచ లాంగ్‌బోర్డు టైటిళ్లు గెలిచిన టేలర్ జెన్సెన్ వీడియోలు చూడండి. మనకు అందులో పదోవంతు వచ్చినా పండగే.

ఇదే బోర్డు శాన్ ఒనోఫ్రే బీచ్‌కి తీసుకెళ్తే కథ మారిపోతుంది. అక్కడ అల మెత్తగా, తీరిగ్గా విరుగుతుంది. పక్కన లాగ్ మీద ఉన్న పెద్దాయన రెండుసార్లు చేతులతో నీళ్లు తోసి అల అందుకుంటే, నేను నాలుగైదుసార్లు తోయాలి. రాకర్ ఎక్కువైతే బోర్డు నీటిని తోసుకుంటూ పోతుంది, గ్లైడ్ (సాఫీగా జారే గుణం) తగ్గుతుంది. నోస్ మీదికి నడవడం కుదురుతుంది గానీ అక్కడ ఎక్కువసేపు నిలవనివ్వదు. ఒక కాలి ఐదు వేళ్లు అంచున పెట్టి వెనక్కి వచ్చేయాలి. మీకు ఇష్టమైంది నోస్ రైడింగే, అంటే నోస్ మీద నిలబడి సాగడమే అయితే ఇది మీ బోర్డు కాదు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

ఇక ఫిన్స్, అంటే బోర్డు అడుగున వెనకవైపు ఉండే రెక్కలు. బోర్డు మార్చాలనిపించినప్పుడల్లా ముందు ఫిన్ మార్చి చూడమంటాను. నాది టూ ప్లస్ వన్: మధ్యలో 7 అంగుళాల ఫిన్, పక్కల 3½ అంగుళాల చిన్నవి రెండు. పక్కవి తీసేసి మధ్యలో 9 అంగుళాలది ఒక్కటే పెడితే బోర్డు నిలకడగా, సాఫీగా పోతుంది, కానీ మలుపు మొండికేస్తుంది. చిన్న అలల రోజున నాకు అదే నచ్చుతుంది. మూడూ దాదాపు సమానంగా ఉన్న థ్రస్టర్ సెట్ పెడితే టెయిల్ చురుగ్గా కదులుతుంది, బోర్డు మీద నడిచేటప్పుడు మాత్రం కాళ్ల కింద ఆధారం తగ్గినట్టుంటుంది. మధ్య ఫిన్‌ను బాక్స్‌లో (అది బిగించే గాడిలో) అర అంగుళం ముందుకు జరిపినా బోర్డు తేలిగ్గా తిరుగుతుంది. వెనక్కి జరిపితే పట్టు పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. పక్క ఫిన్స్ కొనేటప్పుడు మాత్రం మీ బోర్డుది ఫ్యూచర్స్ కంపెనీ బాక్సా, ఎఫ్‌సీఎస్ కంపెనీదా చూసుకోండి. ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

ఈపీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిది), ఎపాక్సీ రెజిన్‌తో చేసిన బోర్డులు ఇంకా తేలిక. స్నేహితుడిది తీసుకుని చాలాసార్లు వాడాను. గాలి లేని ఉదయం అద్భుతం. మధ్యాహ్నం గాలి లేచి నీళ్లు గతుకులు పడ్డాక కాళ్ల కింద ఎగిరెగిరి పడుతుంది. నాది కాస్త బరువు కాబట్టి ఆ గతుకుల్ని కోసుకుంటూ పోతుంది. దెబ్బ తగిలితే ఈపీఎస్ నీళ్లు పీల్చుకుంటుంది, వెంటనే బయటికి వచ్చి బాగా ఆరబెట్టాలి. దానికి పాలియెస్టర్ రెజిన్ పూయకండి, ఫోమ్ కరిగిపోతుంది. ఎండలో కారులో వదిలేయడం ఏ బోర్డుకూ మంచిది కాదు, ఈపీఎస్‌కైతే పైపొర ఉబ్బి ఊడుతుంది. నా దాని మీద ఇన్నేళ్లలో మడమల గుంతలు బాగానే పడ్డాయి, రంగు పసుపు తిరిగింది. బోర్డు నడకలో తేడా రాలేదు.

బరువు 85 కిలోలు దాటినవాళ్లు ఇదే కొలతల్లో కాకుండా 9 అడుగుల 4 అంగుళాలు, 23 అంగుళాల వెడల్పు దగ్గర చూడండి. విశాఖలో రుషికొండ దగ్గర నేర్చుకుంటున్న మా తమ్ముడూ అడిగాడు. తీరానికి దగ్గరగా ఒక్కసారిగా కూలే అలల్లో 9 అడుగుల గట్టి బోర్డు తనకీ ప్రమాదమే, పక్కవాళ్లకీ ప్రమాదమే. ఇప్పటికి సాఫ్ట్‌టాపే ఉంచుకోమన్నాను.

కొత్తది ఇక్కడ వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది, కాబట్టి సెకండ్ హ్యాండ్ చూడటంలో తప్పులేదు. వెనక కాలు పడే చోట బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే వదిలేయండి. ఫిన్ బాక్స్ చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో వెలుగులో పరీక్షించండి. వాక్స్ (కాలు జారకుండా బోర్డు మీద పూసే మైనం) గీకకుండా అమ్మేవాళ్లను ముందు గీకి చూపించమనండి, పగుళ్లు దాని కిందే ఉంటాయి.