పిల్లలతో దారాల అల్లిక: మూడు పాయల జడా, పేనిన తాడా, అట్ట చక్రమా... ఏది మేలు?

ఎండాకాలం మధ్యాహ్నం వరంగల్‌లో పిల్లలను బయటికి వదిలే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి, ఫోన్ చేతికివ్వకుండా వాళ్లను కూర్చోబెట్టే పనుల్లో చేతికి కట్టుకునే దారాల బ్యాండ్లు చాలా నయం. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అయితే మనకు వచ్చింది అదే కదా అని అందరం మూడు పాయల జడతో మొదలుపెడతాం. ఆరేళ్లలోపు పిల్లలకు అది వద్దనే నేనంటాను.

జడలో చేయాల్సింది తేలికే, ఈ పక్క పాయ మధ్యలోకి, ఆ పక్క పాయ మధ్యలోకి. చెల్లెలికి జడ వేసే అలవాటున్న పిల్లకు చెప్పక్కర్లేదు కూడా. చిక్కెక్కడంటే, నీళ్లు తాగొస్తానని చెయ్యి వదిలితే అల్లిక వదులైపోతుంది, ఇప్పుడు ఎటు పాయ వేయాలో గుర్తుండదు. దానికితోడు పైన ఫ్యాన్ గాలికి దారాలన్నీ కలిసిపోతాయి, ఈ ఎండలో ఫ్యాన్ ఆపుదామంటే పెద్దలమే ఒప్పుకోం. ముడిని పరీక్ష అట్ట క్లిప్పులో బిగిస్తే కొంత మేలు. మూడు పాయలకు మూడు రంగులు తప్పనిసరి. ఒక్కొక్క దారం 40 సెంటీమీటర్లు ఉంటే పిల్లల చేతికి సరిపోతుంది.

చిన్నవాళ్లకు పేనిన తాడు బాగుంటుంది. మీటరు ఊలు తీసుకుని ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని, బిగువు వదలకుండా ఎదురెదురు దిక్కులకు తిప్పుతూ పోవాలి. దారం మెలికలు పడబోతుందనగా మధ్యకు మడిచి వదిలితే తనంతట తానే చుట్టుకుపోతుంది. మెలి విప్పుకోవాలని చూసే రెండు పాయలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఆగిపోతాయి. ఆ క్షణం పిల్లల మొహాలు చూడాలి. కాకపోతే అయిదు నిమిషాల్లో అయిపోయి "ఇంకేం చేయాలి?" అని మళ్లీ మీ మీద పడతారు.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లుంటే మాత్రం నా ఓటు అట్ట చక్రానికే. జపాన్‌వాళ్ల కుమిహిమో అల్లికకు ఇది తేలిక రూపం. షూ డబ్బా అట్ట మీద స్టీల్ గ్లాసు బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించండి, అంచు చుట్టూ ఎనిమిది గాట్లు, నడుమ ఒక రంధ్రం. 60 సెంటీమీటర్ల దారాలు ఏడు కలిపి ముడివేసి, ముడిని రంధ్రంలోంచి కిందికి దించి, గాటుకొకటి పెడితే ఒక గాటు ఖాళీగా మిగులుతుంది. ఖాళీ గాటు నుంచి మూడో దారం తీసి ఆ ఖాళీలో పెట్టాలి, చక్రం తిప్పి కొత్త ఖాళీని తన వైపు తెచ్చుకోవాలి, మళ్లీ అదే. లెక్క ఎప్పుడూ ఒకే వైపు సాగాలి, అందుకని అట్ట మీద బాణం గుర్తు వేసిపెట్టండి. ఎక్కడ ఆపినా ఖాళీ గాటే చెబుతుంది కాబట్టి మధ్యలో అన్నానికి పిలిచినా టెన్షన్ లేదు, అల్లిక కూడా ఊడదు. జడ ఈ విషయంలోనే ఓడిపోయింది.

దారం సంగతికొస్తే, గాజులకు చుట్టే సిల్క్ థ్రెడ్ మెరుస్తుంది గానీ జారిపోతుంది, మొదట్లో వద్దు. ఊలైతే జారకుండా చేతికి పట్టు దొరుకుతుంది, కాకపోతే చెమటకు దురద. మా వైపు అన్నిటికన్నా మేలు లావు నూలు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే కొత్తవాడలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే మిగిలిన ముక్కలు ఉన్నాయేమో అడిగి చూడండి.

ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే తయారైన తాళ్లు వాళ్ల మెడలో వేయనివ్వకండి. చేతికైనా ఒక వేలు దూరేంత వదులుగా కట్టి, పడుకునే ముందు తీసేయండి.