టెక్స్ విల్లర్ 1948 తొలి సంచిక అమ్ముతామంటే జాగ్రత్త

ఇటాలియన్ కామిక్స్ సేకరించే మిత్రులకు, ముఖ్యంగా ఇటలీలో ఉంటూ కౌబాయ్ కథల హీరో టెక్స్ పాత సంచికల కోసం వెతికే మన తెలుగువాళ్ళకు ఈ హెచ్చరిక. "1948 నాటి ఒరిజినల్, మా తాతగారి పెట్టెలో దొరికింది" అంటూ ఆన్‌లైన్‌లో ఒకతను అమ్మిన మొదటి సంచిక పక్కా నకిలీ. నా నెల ఇంటద్దె కంటే ఎక్కువ డబ్బు తీసుకుని, ఎప్పుడో తర్వాత అచ్చేసిన కాపీ అంటగట్టాడు. రీప్రింటా అని ముందే మెసేజ్‌లో అడిగాను. కాదు, ఫస్ట్ ప్రింటేనని రాసిచ్చాడు. మిలాన్‌లో కలిసి, చూసి తీసుకుంటానంటే మాత్రం ఊళ్ళో ఉండనని తప్పించుకున్నాడు.

ఆ చిన్న పుస్తకానికి అంత డబ్బేమిటని అడిగేవాళ్ళుంటారు. యుద్ధం ముగిసిన మూడేళ్ళకు, 1948 సెప్టెంబరు 30న టెక్స్ మొదటిసారి బయటికొచ్చాడు. కథ జాన్ లుయీజీ బొనెల్లిది, బొమ్మలు గాలెప్ అనే కలంపేరుతో ఔరేలియో గాలెప్పీని అనే చిత్రకారుడు వేశారు. పుస్తకం అడ్డంగా, సుమారు 17 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల ఎత్తు, ధర అప్పటి ఇటలీ డబ్బులో 15 లీరలు. పిల్లలు జేబులో పెట్టుకు తిరిగి, చేతులు మార్చుకుని, చింపేసిన పుస్తకాలవి. అందుకే మిగిలినవి తక్కువ. టెక్స్ రేంజరే (టెక్సాస్ పోలీసు) కాదు, అమెరికా ఆదివాసీ తెగ అయిన నవాహోల నాయకుడు కూడా. వాళ్ళమ్మాయి లిలిత్‌ను పెళ్ళాడి, వాళ్ళను దోచుకునే వ్యాపారులకూ దుర్మార్గపు సైనికాధికారులకూ ఎదురు నిలుస్తాడు. ఇటలీలో తాత చదివిన టెక్స్‌నే మనవడూ చదువుతున్నాడు, ఇప్పటికీ నెలనెలా కొత్త సంచిక వస్తోంది. శివకాశి నుంచి వచ్చే తమిళ అనువాదాలతో చెన్నైలోనే నాకు ఈ పిచ్చి పట్టింది. ఇంత ప్రేమున్న చోటే మోసగాళ్ళు చేరుతున్నారు.

ఇక అసలు విషయం. కవరు మీద 15 లీరలు అని ఉంటే నమ్మకండి. ఉన్నదున్నట్టు తీసే రీప్రింట్లలో ధర కూడా అలాగే అచ్చవుతుంది. రీప్రింట్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, చదువుకోవడానికి హాయిగా ఉంటాయి. నాకు పంపిన దాంట్లో కాగితం పసుపుగానే ఉంది, కానీ పేజీ అంతా ఒకే రంగు. నిజంగా పాతబడిన చౌక కాగితం అంచుల్లో ముదిరి, లోపలికి వెళ్ళేకొద్దీ లేతగా ఉంటుంది. పేజీలు విప్పి చూస్తే పిన్నులు తళతళలాడుతున్నాయి, చుట్టూ తుప్పు మరకే లేదు. గాలెప్ గీసిన సన్నటి నీడగీతలు ఒకదానికొకటి అంటుకుపోయి నల్లటి ముద్దలయ్యాయి. అచ్చయిన పుస్తకం నుంచి కాపీ తీస్తే జరిగేది అదే.

అనుమానం తీర్చింది మాత్రం దొంగనోట్లు పట్టుకునే చిన్న యూవీ టార్చి. చీకటి గదిలో వేస్తే పేజీలు నీలంగా మెరిశాయి. కాగితం తెల్లగా కనబడటానికి కలిపే ఆ రసాయనాలు 1950ల నుంచే మామూలయ్యాయి. 1948 కాగితం అలా మెరవదు. మెరవనంత మాత్రాన ఒరిజినల్ అనుకోకండి, కానీ మెరిస్తే ఇక బేరం ఆపేయండి.

అతనే "గాలెప్ సంతకం ఉన్న కాపీ" అని ఇంకోటి కూడా చూపించాడు. లోపలి పేజీ ఫొటో పెద్దది చేసి చూస్తే, చిన్న అక్షరాల్లో ఉన్న ముద్రణ సంవత్సరం 1994 తర్వాతది. గాలెప్ పోయిందే 1994లో! 400వ సంచిక దాకా కవర్లన్నీ ఆయనే వేశారు. అలాంటి మనిషి పేరుతో దొంగ సంతకాలు అమ్ముకోవడం చూస్తే కడుపు మండిపోయింది.

డబ్బు వెనక్కి అడిగితే మొదట "పాత వస్తువు, రిటర్న్ లేదు" అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. పేమెంట్ కంపెనీకి ఫొటోలు, మెసేజ్‌లు పెట్టి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. మీరు కొంటే చేతికి చేతే తీసుకోండి. కుదరకపోతే పిన్నుల ఫొటో, మధ్య పేజీల ఫొటో, చీకట్లో యూవీ కింద తీసిన ఫొటో అడగండి. "రీప్రింట్ అయితే పూర్తి డబ్బు వాపసు" అని రాయించుకోండి. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ పద్ధతిలో (తెలిసినవాళ్ళకు పంపేది, కొన్నవాళ్ళకు రక్షణ ఉండదు) డబ్బు పంపమంటే అస్సలు వద్దు.

అతను ఇప్పుడు వేరే పేరుతో మళ్ళీ అదే రకం కాపీ పెట్టాడు. ఫొటోలో కవరు కింద కుడి మూలన నీలం పెన్నుతో చిన్నగా 7 అని రాసి ఉంటుంది. నాకు పంపిన దాని మీదా అదే మూలన అదే అంకె ఉంది.