పాత స్టేడియం బాగుచేయడమా, పక్కనే కొత్తది కట్టడమా?

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్)లో ఆట అయిపోయాక బార్సిలోనా, మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్‌ల అభిమానుల మధ్య తెగని వాదన ఇది.

ఖర్చు: తన స్టేడియం క్యాంప్ నౌ పునర్నిర్మాణ పనులకు బార్సిలోనా 2023లో 145 కోట్ల యూరోల అప్పు తెచ్చుకుంది. యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫోర్డ్ పక్కన లక్ష సీట్ల కొత్త స్టేడియానికి అంచనా 200 కోట్ల పౌండ్లు.

కష్టం: అసలు తేడా ఇక్కడే. ఉన్నదాన్ని విప్పి కట్టాలంటే జట్టు వేరే చోటికి పోవాలి. బార్సా (బార్సిలోనా) మోంజుయిక్ కొండ మీది స్టేడియానికి మారింది. అక్కడ సీట్లు దాదాపు సగమే, టికెట్ల రాబడీ తగ్గింది. 2024 నవంబరులో వస్తామన్నవాళ్లు 2025 నవంబరులో వచ్చారు, అదీ 45 వేల మంది ప్రేక్షకులకే అనుమతితో. పక్కనే కడితే పాత గ్రౌండ్‌లో ఆట ఆగదు.

రిస్క్: మరమ్మతులో గడువు జారుతుంది. కొత్తదైతే ఓల్డ్ ట్రాఫోర్డ్ లాంటి, 1910 నుంచి ఉన్న గ్రౌండ్‌ను వదులుకోవాలి. నాకైతే ఆ నష్టమే పెద్దది.

పక్కన జాగా, అప్పు మోసే సత్తా ఉంటే కొత్తది కట్టుకోవచ్చు. ఊరి నడుమ ఇరుక్కున్న స్టేడియమైతే బాగుచేయడమే దారి. మన జేఎన్‌ఎస్ లాంటి చోట, పిల్లల ప్రాక్టీస్ ఒక్క సీజన్ కూడా ఆగకుండా, విడతలవారీగా బాగుచేయమనే అడగాలి.