నాన్న కిడ్నీ సిస్ట్‌కి డ్యూయల్ ఎనర్జీ సీటీ తీయించాం, 4 స్టార్లు

మా నాన్నకి 66 ఏళ్లు, షుగర్ ఉంది. కడుపునొప్పి అని అల్ట్రాసౌండ్ తీయిస్తే కుడి కిడ్నీలో 2.4 సెంటీమీటర్ల సిస్ట్ ఉంది, మామూలు నీటి సిస్ట్‌లా లేదు సీటీ తీయించండి అన్నారు. ఇంటి దగ్గర సెంటర్‌లో కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఒక్కసారే తీశారు, ముందు ప్లెయిన్ (మందు లేకుండా) తీయలేదు. రిపోర్ట్‌లో 48 హెచ్‌యూ (సీటీలో చిక్కదనం కొలత), ట్యూమర్ కాదని చెప్పలేం అని రాశారు, ఇక ఆ లైన్ చదివిన దగ్గర్నుంచి అమ్మకి నిద్ర లేదు.

యూరాలజిస్ట్ సార్ ఓపిగ్గా చెప్పారు. ఉత్త నీరైతే 20 లోపే ఉంటుందంట, 48 అంటే లోపల పాత రక్తం చేరి చిక్కబడిన సిస్ట్ అయినా అవ్వాలి, మందు పీల్చుకున్న గడ్డ అయినా అవ్వాలి, ప్లెయిన్ లేకుండా ఏదో తేల్చలేం అన్నారు. డ్యూయల్ ఎనర్జీకి ఇంకో సెంటర్‌కి రాసిచ్చారు, ఈ రివ్యూ వాళ్ల గురించే.

అక్కడ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు రక్తపరీక్ష) రిపోర్ట్ చూశాకే లోపలికి పంపారు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని కూడా అడిగారు. టెక్నీషియన్ తమ్ముడు చాలా మంచోడు, మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, భయపడకండి అంకుల్ అని ముందే చెప్పాడు, లేకపోతే నాన్న కంగారుపడేవారే.

ఇందులో 80, 140 లాగా రెండు వేర్వేరు కిలోవోల్టుల ఎక్స్‌రేలతో తీస్తారు. మందులో ఉండే అయోడిన్ తక్కువ ఎనర్జీలో చాలా ఎక్కువ మెరుస్తుంది, నీరూ రక్తం అంత మారవు, ఆ తేడాని పట్టుకుని కంప్యూటర్ అయోడిన్‌ని విడదీస్తుంది. రేడియాలజిస్ట్ మేడమ్ మమ్మల్ని పిలిచి మానిటర్‌లో చూపించారు, కిడ్నీ అంతా నారింజ రంగులో వెలుగుతోంది, సిస్ట్ ఉన్న చోట మాత్రం నల్లగా గుండ్రంగా ఖాళీ. అంటే అక్కడికి మందు వెళ్లనే లేదు. అయోడిన్ తీసేసి తయారుచేసిన ప్లెయిన్ బొమ్మలో కూడా 46 ఉంది, కాబట్టి అది పాత రక్తమే, బోస్నియాక్ 2 (కిడ్నీ సిస్ట్‌లకి ఇచ్చే గ్రేడు, 2 అంటే ప్రమాదం లేనిది) అని రాసిచ్చారు, ఆపరేషన్ అక్కర్లేదు. అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేసింది.

అన్నిటికీ ఇదే సరిపోతుందని కాదు, సెంటీమీటర్ లోపు చిన్నవాటికీ, మందు బాగా తక్కువ పీల్చే కొన్ని ట్యూమర్లకీ ఇందులోనూ అనుమానం మిగలొచ్చు, అప్పుడు ఎమ్మారై అడుగుతారు అని మేడమే చెప్పారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రిసెప్షన్‌లో అమ్మాయి రెండూ ఒకటేనండీ అని మామూలు కాంట్రాస్ట్ సీటీ బిల్లు కొట్టేసింది, నేను చీటీ చూపించి మార్పించా. దయచేసి మీరు కూడా బిల్లు దగ్గరే చూసుకోండి, ఎందుకంటే చాలా మెషీన్లలో మామూలు మోడ్‌లో తీసేశాక దాంట్లోంచి అయోడిన్ మ్యాప్ (ఆ నారింజ రంగు బొమ్మ) రాదు, మళ్లీ మందు, మళ్లీ రేడియేషన్. ఫిల్ముల్లో కూడా ఆ రంగుల బొమ్మ వేయలేదు, అడిగితే సీడీలో ఉందన్నారు, ఆ సీడీ ఏమో సార్ కంప్యూటర్‌లో ఓపెన్ కాలేదు. మర్నాడు మళ్లీ వెళ్తే ఏమీ అనకుండా మ్యాప్ ప్రింట్ తీసి, కొత్త సీడీ ఇచ్చారు.