వెనుక డిస్క్ చక్రం: ట్రాక్ స్ప్రింట్‌లో దీర్ఘకాలం వాడిన తరువాత

కొన్నేళ్లుగా 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద సాధనకూ పోటీలకూ నా సైకిల్‌కు వెనుక, స్పోకులకు బదులు పూర్తిగా మూసి ఉండే కార్బన్ డిస్క్ చక్రాన్నే వాడుతున్నాను. స్పోకుల చక్రం కంటే బరువైనది కాబట్టి ఒక్కసారిగా వేగం అందుకోవలసిన స్ప్రింటర్‌కు ఇది పనికిరాదన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నా అనుభవంలోనూ లెక్కలోనూ నిలవలేదు. చక్రాన్ని ముందుకు నడపడానికే కాక తిప్పడానికీ శక్తి కావాలి కనుక, అంచున ఉన్న బరువు త్వరణం విషయంలో రెట్టింపుగా లెక్కకు వస్తుంది. డిస్క్ అంతటా సమానంగా పరచుకున్న బరువైతే ఒకటిన్నర రెట్లే. అలా పరచుకున్న 200 గ్రాములు అదనంగా ఉన్నా అది 300 గ్రాముల భారమే. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలు తూగేచోట అది మూడో వంతు శాతం మాత్రమే.

అసలు లెక్క గాలితో. గాలి నిరోధ బలం వేగం వర్గంతోనూ, దానిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతోనూ పెరుగుతాయి. సెకనుకు 10 మీటర్ల వేగంలో సుమారు 125 వాట్లు గాలికి పోతే, 20 మీటర్ల వేగంలో దాదాపు 1000 వాట్లు పోతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ స్ప్రింటర్ హారీ లావ్రేసన్ ఫ్లయింగ్ 200 మీటర్లను (ముందే వేగం అందుకుని వచ్చి, చివరి 200 మీటర్లకే సమయం లెక్కించే పరుగును) 9.088 సెకన్లలో ముగించాడు. అది గంటకు 79 కిలోమీటర్ల సగటు వేగం. అంతటి వేగాల దగ్గర స్పోకులు చిలికే గాలిని తప్పించడం విలువైన లాభమే. ఒంటరిగా తొక్కే ఫ్లయింగ్ 200లో ఈ చక్రం తన విలువను పూర్తిగా చూపుతుంది.

ఇద్దరు తలపడే స్ప్రింట్‌లో మాత్రం విషయం అంత సూటిగా ఉండదు. ముందున్నవారు గాలిని చీలుస్తుంటే వెనుక ఉన్నవారికి గాలి నిరోధం సుమారు మూడో వంతు తగ్గుతుందనుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంలో అంటే 330 వాట్లకు పైగా మిగులు. ముందువారితో సమానంగా తొక్కుతూ ఆ మిగులునంతా త్వరణంగా మార్చుకుంటే మూడు సెకన్లలో వారికంటే గంటకు 2 కిలోమీటర్ల అదనపు వేగం చేకూరుతుంది. అయితే దానికి కాస్త ఖాళీ అవసరం; ఆ మూడు సెకన్లలో ముందువారికి మీటరు లోపు దగ్గరవుతాము. ముందువారి చక్రాన్ని అంటుకుని ఉంటే మిగులు శక్తి విశ్రాంతిగానే మిగులుతుంది తప్ప వేగంగా మారదు. అందుకే అనుభవజ్ఞులు కొద్దిగా వెనకబడి, ఆ ఖాళీలో పుంజుకుని, ప్రత్యర్థి వెనుకకు చేరే క్షణంలోనే పక్కకు తప్పుకుంటారు. ఆ చాటున ఉన్నంతసేపూ డిస్క్ వల్ల నాకు పెద్ద తేడా తెలియలేదు. వెనుక చక్రానికి అందే గాలి అప్పటికే చెదిరిపోయి ఉండడం కారణమని నా అభిప్రాయం. పక్కకు వచ్చి గాలిని నేరుగా ఎదుర్కొన్నాకే దాని మేలు మళ్లీ మొదలవుతుంది.

పక్కకు వచ్చే చోటు ఏ చక్రం కన్నా ముఖ్యమైనది. ట్రాక్ మలుపుల్లో ఉండే 42 డిగ్రీల వాలు మీద ప్రత్యర్థి కంటే ఒక మీటరు పైభాగాన మలుపంతా తిరిగితే రెండు మీటర్లకు పైగా అదనపు దూరం తొక్కాలి. అది ఒక సైకిల్ పొడవు కంటే ఎక్కువ. మరోవైపు, అదే వాలు మీద నిలువుగా నాలుగు మీటర్లు కిందికి దూకితే, గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, గంటకు 43 కిలోమీటర్ల వేగం పెడల్ బలం లేకుండానే 53 దాటుతుంది. ఎత్తులో దాచుకున్న ఈ శక్తిని ఏ పరికరమూ ఇవ్వలేదు.

మలుపులో చక్రం వేగం చూపే మీటరును చూసి త్వరణం వచ్చిందని మురిసిపోకూడదు. వాలినప్పుడు శరీర గరిమనాభి చక్రాల కంటే చిన్న వృత్తంలో తిరుగుతుంది కనుక, అదే ప్రయత్నానికి చక్రం సుమారు 3 శాతం వేగంగా తిరుగుతుంది. ట్రాక్ సైకిల్‌కు ఫ్రీవీల్ ఉండదు, చక్రంతో పాటే పెడళ్లూ తిరుగుతాయి కనుక ఆ పెరుగుదల కాళ్లకు కూడా తెలుస్తుంది.

ఈ చక్రంలో నాకు నచ్చనిది శబ్దం. గట్టిగా తొక్కగానే బోలు డిస్క్ హోరెత్తుతుంది. ముందున్న ప్రత్యర్థి తల తిప్పకుండానే దాడి మొదలైందని గ్రహించగలడు. నేను ముందుంటే వెనకవారి టైర్ల చప్పుడు ఆ హోరులో వినబడక పదేపదే తిరిగి చూడవలసి వస్తుంది. గాలి నిరోధంలో అధికభాగం మనిషి శరీరానిదే కాబట్టి, కూర్చునే భంగిమ, బిగుతైన దుస్తులు సరిచూసుకోనివారు దీని మీద డబ్బు పెట్టడాన్ని నేను సమర్థించను. అవి కుదిరి, ముందుండి గెలవడానికి ఇష్టపడేవారు దీనిని నిశ్చింతగా తీసుకోవచ్చు.