కుట్టు చూడకుండా బియ్యం సంచి కొనకండి

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళందరికీ ఒక జాగ్రత్త. 2025 ఆగస్టు 27న భారత్ సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఫోన్లలో మళ్ళీ అదే మాట తిరగడం మొదలైంది: "బియ్యం, పప్పులు ఇప్పుడే తెచ్చి పెట్టేసుకోండి." ఆ మెసేజ్ చూసినప్పుడల్లా నాకు 2023 గుర్తొచ్చి టెన్షన్ వస్తోంది. అప్పుడు నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మనం తినే సోనా మసూరి ఆ కోవలోదే. అది గురువారం. శుక్రవారం సాయంత్రానికే ఇక్కడి ఇండియన్ షాపుల ముందు లైన్లు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అన్నం లేనిదే ముద్ద దిగని అత్తయ్యగారు. శనివారం పొద్దున్నే నేనూ మావారూ బయల్దేరాం. మేము ఎప్పుడూ వెళ్ళే షాపులో అప్పటికే మనిషికి ఒక్క సంచి అని బోర్డు పెట్టేశారు. దాంతో ఎవరో చెప్పిన ఇంకో షాపుకి పోయాం. అక్కడ ఎన్నైనా ఇస్తారు, కానీ క్యాష్ మాత్రమే. వారం కిందట 19 డాలర్లున్న 20 పౌండ్ల సంచి ఆ రోజు 36. ఎనిమిది సంచులు తీసుకున్నాం, 288 డాలర్లు. రసీదు అడిగితే చిన్న కాగితం మీద "గ్రోసరీ 288" అని మాత్రం వచ్చింది. వెనకాల లైన్లో జనం తోసుకుంటున్నారు, సరేలెమ్మని వచ్చేశాం.

అక్కడే ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. ఆ రోజు షాపులో ఉన్న ప్రతి సంచీ నిషేధానికి ముందే ఓడ ఎక్కి వచ్చింది. వాళ్ళకు పడిన ఖరీదు పాతదే. ఇడ్లీ బియ్యం ధర కూడా రెట్టింపు చేశారు, అవి ఉప్పుడు బియ్యం, వాటికి ఆ నిషేధమే లేదు! వాటి మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది ఆగస్టు 25న, నెల తర్వాత.

మొదటి రెండు సంచులు బాగానే ఉన్నాయి. సెప్టెంబరులో మూడోది విప్పాను. మామూలుగా మిల్లు కుట్టు దారం కొస దొరకబుచ్చుకుని లాగితే సర్రున మొత్తం ఊడొస్తుంది. ఇది రాలేదు, కత్తెర పెట్టి కోయాల్సి వచ్చింది. లోపల చెయ్యి పెడితే గింజలు విడివిడిగా జారలేదు, బూజులాంటి సన్నటి దారాలతో ఉండలు కట్టి గుత్తులుగా వచ్చాయి. అరచేతికి తెల్లటి నుసి అంటుకుంది. నీళ్ళు పోస్తే ముక్క పురుగులు గుంపులుగా పైకి తేలాయి. వండి చూద్దామని పురుగులు తీసి, నాలుగుసార్లు కడిగి పెట్టాను. కుక్కర్ మూత తియ్యగానే ముక్కిన వాసన. అత్తయ్యగారు కంచం ముందు నుంచి లేచిపోయారు, ఆవిడ అన్నం వదిలేసి లేవడం నేను చూడడం అదే మొదటిసారి.

గరాజ్‌లో పెట్టడం వల్ల పురుగు పట్టిందేమో, తప్పు నాదేనేమో అనుకున్నాను. మావారు మిగతా సంచులు తిప్పి చూస్తుంటే తేదీ దగ్గర స్టిక్కర్ అంచు లేచి కనిపించింది. పైన ప్యాక్ చేసిన నెల 2023 మే. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా లాగితే కింద 2021 ఆగస్టు! మిగిలిన ఐదింటికీ అదే స్టిక్కర్. కుట్టు దగ్గర పాత సూది రంధ్రాల వరుస ఒకటి, దాని పక్కనే కొత్త వరుస. విప్పి, ఏదో కలిపి, మళ్ళీ కుట్టారు.

షాపుకి తీసుకెళ్తే షాపాయన అన్న మాట, "పాత బియ్యమే కదమ్మా మంచివి, కొత్తవైతే ముద్దైపోతాయి." నిజమే, మనమంతా పాత బియ్యమే అడుగుతాం. కానీ పొడిగా, పురుగు పట్టకుండా నిలవ ఉంచి పాతబడ్డ బియ్యం వేరు, పురుగు పట్టి ముక్కిపోయినవి వేరు. ఆ తేడా నెలనెలా బియ్యం అమ్మేవాళ్ళకి తెలియదంటే నేను నమ్మను. రసీదులో బియ్యం అనే మాటే లేదు కాబట్టి ఇక్కడ కొన్నట్టు రుజువు లేదన్నారు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేసేవాళ్ళం. ధర సంగతి విచారిస్తే, టెక్సాస్‌లో అధిక ధరల చట్టం విపత్తు ప్రకటించినప్పుడే వర్తిస్తుందని తేలింది. ఎగుమతి నిషేధం విపత్తు కిందకి రాదు.

అందుకే చెప్తున్నాను, లైన్ ఎంత పొడుగున్నా సంచిని తిప్పి చూడండి. తేదీ మీద స్టిక్కర్ ఉంటే వదిలెయ్యండి. కుట్టులో రెండు వరుసల రంధ్రాలున్నా, దారం రంగు మిగతా సంచులకి భిన్నంగా ఉన్నా వద్దు. సంచి మూల గట్టిగా దులిపి చూడండి, నేల మీద పిండి రాలితే లోపల పురుగు ఉండొచ్చు. క్యాష్ మాత్రమే అంటే బయటికి వచ్చెయ్యండి. రసీదులో సరుకు పేరు, ఎన్ని సంచులు, ఒక్కోటి ఎంత అన్నీ ఉండాలి.

ఇంటికి తెచ్చాక ఆ రోజే ఒకటి విప్పండి, నాలాగా రెండు నెలలు ఆగొద్దు. టెక్సాస్ ఎండకి గరాజ్ పొయ్యిలా కాలుతుంది, అక్కడ అసలు పెట్టకండి. నేనిప్పుడు కొన్న బియ్యాన్ని చిన్న కవర్లలో పోసి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచుతున్నాను, పురుగులు గుడ్లతో సహా చస్తాయి. తర్వాత తడి ఆరేదాకా ఆగి, గాలి దూరని డబ్బాల్లోకి. నెలకి ఒక సంచి తినే ఇంటికి రెండు సంచులు చాలు.

ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా, అంటే 14 నెలలు నడిచింది. ధర పెరిగింది గానీ, మా ఏరియాలో మూడు వారాలకే మళ్ళీ షాపుల నిండా సంచులు. ఆ మొదటి వారంలో మాత్రం మా పక్క అపార్ట్‌మెంట్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన మూడు షాపులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చారు. మా ఎనిమిదిలో బాగున్న రెండో సంచిలో సగం ఆయనకే ఇచ్చాను.

స్టిక్కర్ కింద తేదీ, రెండు వరుసల కుట్టు, ఉండ కట్టిన బియ్యం ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. షాపుకి వెళ్ళేముందు ఒకసారి చూస్తామంటే అడగండి, పంపిస్తాను.