ఢాకా నుంచి వెళ్లిన టెలిగ్రామ్‌ను చదివించే ఉచిత గ్రంథమాల

ఒక దౌత్యవేత్త మాట తన దేశ విదేశాంగ విధానాన్ని ఎంతవరకు కదిలించగలదో తెలుసుకోదలచినవారికి, అమెరికా విదేశాంగ శాఖలోని చరిత్రకారుల కార్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న 'ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్' పత్రాల గ్రంథమాలను మించిన సాధనం నాకు కనిపించలేదు. 1861లో, లింకన్ కాలంలో మొదలైన ఈ గ్రంథమాలలో వందల సంపుటాలున్నాయి. ఈ సమీక్ష 2005లో వెలువడిన సంపుటం గురించి. అందులోని విషయం 1971 నాటి దక్షిణాసియా సంక్షోభం. విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కథ వింటూ పెరిగినవారికి ఆ ఏటి భారత్-పాకిస్తాన్ యుద్ధం పరిచితమే. దానికి ఎనిమిది నెలల ముందే వాషింగ్టన్‌లో ఏ మాట ఎవరి బల్ల మీద ఆగిపోయిందో మాత్రం ఇక్కడే తెలుస్తుంది.

సంపుటానికి ప్రాణం ఆర్చర్ బ్లడ్ ఉదంతం. ఆయన అప్పట్లో తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) రాజధాని ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్, అంటే అక్కడి అమెరికా దౌత్య కార్యాలయానికి అధిపతి. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం బెంగాలీల ఊచకోత మొదలుపెట్టిన తర్వాత, అక్కడ జరుగుతున్నదంతా ఎప్పటికప్పుడు నివేదిస్తూ వచ్చిన ఆ కార్యాలయం నుంచి ఏప్రిల్ 6న 20 మంది అమెరికన్ ఉద్యోగుల పేర్లతో, తమ ప్రభుత్వ మౌనాన్ని సూటిగా తప్పుపడుతూ ఒక టెలిగ్రామ్ వెళ్లింది. కార్యాలయాధిపతిగా తాను సంతకం చేయడం సముచితం కాదని భావించిన బ్లడ్, వారి అభిప్రాయాన్ని సమర్థిస్తూ తన మాటను చివర చేర్చారు. ఈ పోరు బెంగాలీల విజయంతో, స్వతంత్ర బంగ్లాదేశ్ అవతరణతో ముగిసే అవకాశమే ఎక్కువని, ఓడిపోయేలా ఉన్న పక్షాన్నే పట్టుకుని బెంగాలీల పార్టీ అవామీ లీగ్ సద్భావాన్ని పోగొట్టుకోవడం అవివేకమని ఆయన రాశారు. మానవత్వం గురించిన ఆవేదన పక్కనే స్వదేశ ప్రయోజనం గురించి ఇంత నిబ్బరమైన అంచనా ఉండటం నన్ను కదిలించింది. డిసెంబరులో ఆ అంచనా నిజమైంది కూడా.

సంపాదకుల ప్రతిభ పత్రాల వరసలో కనిపిస్తుంది. టెలిగ్రామ్ చదివిన వెంటనే, అదే రోజు విదేశాంగ మంత్రి రోజర్స్, అధ్యక్షుడి జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్‌తో జరిపిన ఫోను సంభాషణ ఎదురవుతుంది. ఆ సందేశం బయటికి పొక్కుతుందన్నదే అక్కడ ముఖ్యమైన దిగులు. ఏప్రిల్ 28 నాటి పత్రం మీద అధ్యక్షుడు నిక్సన్ తన చేతివ్రాతతో, పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌ను ఇప్పుడు ఒత్తిడి చేయవద్దని అందరికీ ఆదేశం రాశారు. చైనాతో రహస్య మంతనాలకు యాహ్యాయే వారధి. జూలైలో కిసింజర్ బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ మీదుగానే. అందువల్ల ఢాకా మాట వాషింగ్టన్‌కు చేరక విఫలం కాలేదు, అధ్యక్షుడి దృష్టి అప్పటికే మరో రాజధాని మీద నిలిచి ఉండటం వల్ల విఫలమైంది. బ్లడ్‌ను ఆ పదవి నుంచి తప్పించారు.

లోపాలు లేకపోలేదు. ఇది అమెరికా వైపు పత్రాల సంకలనం కనుక ఢిల్లీ ఆలోచన అమెరికన్ల కలం ద్వారానే వినిపిస్తుంది. రహస్యంగానే ఉంచిన భాగాలు అక్కడక్కడ తొలగింపుకు గురయ్యాయి; అయితే తొలగించిన చోటును నిజాయితీగా గుర్తించి చూపారు. 30 ఏళ్లలోపు పత్రాలు ప్రచురించాలని 1991 నాటి చట్టం చెబుతుండగా, ఈ సంపుటానికి 34 ఏళ్లు పట్టింది.

సంక్షిప్త నామాల పట్టికను, వ్యక్తుల పరిచయాన్ని ముందుగా చదివి, ఆ తర్వాత మార్చి, ఏప్రిల్ పత్రాలను వదలకుండా వరసగా చదవమని నా సలహా. ఫుట్‌నోట్లను దాటవేయవద్దు; ఏ కాగితాన్ని ఎవరు చూశారన్న సమాచారం తరచుగా వాటిలోనే ఉంటుంది.